ఉడికిన విత్తనాలు

ఉడకబెట్టిన శెనక్కాయలు తినేటప్పుడు ఇప్పటికీ ఒక నిండు గింజ పక్కన పెడతాను. కర్నూలు నుంచి పత్తికొండ పోయే బస్సులో ఒక ముసలి జంట పక్కన కూర్చున్నప్పటి నుంచి నాకీ అలవాటు.

ఆయన ఉడికిన కాయలు కొని భార్య ఒడిలో పోశాడు. ఆమె చకచకా ఒలిచి, ముడుచుకుపోయిన గింజలు తను తింటూ, నిండు గింజలు కొంగులో వేసుకుంటోంది.

"ఇత్తనానికి," అంది నాతో.

ఉడికినవి మొలవవు కదమ్మా అనబోయాను. ఆయన కళ్లతోనే వద్దన్నాడు. కాసేపటికి మెల్లగా చెప్పాడు.

"మతిమరుపు జబ్బప్పా. మెదడులో నరాలు ఒకదానికొకటి కబురు అందించుకునే సందులుంటాయంట. ఈమెకు అవే పాడయిపోతాండాయని డాక్టరు చెప్పినాడు. వరసగా నిలబడి గంపలందించేటప్పుడు నడుమ మనుషులు తప్పుకుంటే గంప యాడికి పోతాది? అట్ల."

"మరి ఈ ఒలవడం?"

"ఏటేటా ఒలిచిన చేతులు కదప్పా. ఆ దోవ ఇంకా ఉండాది."

పత్తికొండ దగ్గర పడుతుండగా ఆమె ఆయన వైపు తిరిగి చాలాసేపు చూసింది.

"ఎవురప్పా నువ్వు?"

ఆయన తడుముకోలేదు. "మీ పక్క చేనోన్ని."

"అట్లయితే ఇత్తనాలు తీసుకుపో." కొంగు విప్పింది. "మా ఇంటాయన ఏమీ అనడులే. శానా మంచోడు."

ఆయన ఒళ్లో తువ్వాలు పరిచి, గింజలన్నీ పట్టుకున్నాడు.

"మీ ఇంటాయన ఎట్లాంటోడంటివి?" అని మళ్లీ అడిగాడు.