తలుపు తెరిచి ఉండగా

ఆ రోజు నేను ఒక వైరు ముక్కతో చేసిన తప్పుకు సాకులేమీ లేవు. దయ్యాల సంగతి అడిగితే, అప్పుడూ నమ్మలేదు, ఇది రాస్తున్నప్పుడూ నమ్మడం లేదు.

నరసరావుపేటలో మాకో చిన్న షెడ్డు ఉంది. మందుల ల్యాబుల కోసం అక్కడ ఒక యంత్రం తయారుచేస్తున్నాం. వందల మందు నమూనాలను ఒక పలకలోని చిన్న గుంటల్లో చుక్కచుక్కగా వేసి, ఏది పనిచేస్తుందో త్వరగా తేల్చడానికి. చుక్కలు వేసే ఉక్కు సూదులు చాలా వేగంగా దిగుతాయి. అందుకే తలుపు తెరవగానే యంత్రం ఆగిపోయేలా ఒక స్విచ్ పెట్టాం.

ఆ స్విచ్ మాటిమాటికీ మొరాయించేది. మర్నాడు కొనేవాళ్లు వస్తున్నారు. తలుపు తెరిచినా యంత్రం ఆగకుండా, దాని రెండు కొసలనీ వైరు ముక్కతో కలిపేశాను. ఎవరికీ చెప్పలేదు.

మా మెకానిక్ మస్తాన్ బాబాయ్ పాతకాలంలో జిన్నింగు మిల్లులో పనిచేశాడు. ఏ యంత్రం ఆన్ చేసినా ముందు స్పానర్‌తో రెండు దెబ్బలు కొడతాడు, లోపల ఎవరి చేతులైనా ఉంటే తీసుకోమని.

"ఇదేమన్నా పత్తి మిల్లా బాబాయ్?" అని విసుక్కునేవాణ్ణి.

"ఆడైనా ఈడైనా చేతులు చేతులేగా బాబూ" అనేవాడు.

ఆ రోజు మధ్యాహ్నం కరెంటు పోయింది. యంత్రాన్ని పరీక్షించే మేరీ, ఇరుక్కున్న పలకను తీయడానికి తలుపు తెరిచి చేయి లోపలికి పెట్టింది. నేను ఆ పక్కనే ఫోన్లో మాట్లాడుతున్నాను.

టంగ్, టంగ్. ఇద్దరికీ వినిపించింది.

"తీశాన్లే బాబాయ్!" అంటూ మేరీ చేయి వెనక్కి లాక్కుంది. ఆ వెంటనే కరెంటు వచ్చింది. తలుపు తెరిచి ఉండగానే సూదులు దిగాయి.

మస్తాన్ బాబాయ్ కోసం షెడ్డంతా చూశాం. లేడు. పొద్దున్నే పెళ్లికని మాచర్ల వెళ్లాడని అప్పుడు గుర్తొచ్చి ఫోన్ చేశాను.

"నేనేడ కొట్టా బాబూ? ఈడ బిర్యానీ ముందు కూర్చున్నా. ఏంది, ఏమైందాడ?"

వేడెక్కిన ఇనుము చల్లారుతూ చేసిన చప్పుడేమో అనుకున్నాను. తర్వాత ఎన్నోసార్లు కరెంటు ఆపి, పక్కనే నిలబడి విన్నాను. ఆ శబ్దం మళ్లీ రాలేదు. అదేమిటో ఇప్పటికీ చెప్పలేను.

ఆ సాయంత్రమే వైరు పీకేశాను. యంత్రం ఇంకా సిద్ధం కాలేదని, కారణంతో సహా, కొనేవాళ్లకు చెప్పాను. వాళ్లు ఇక రానేలేదు. తర్వాత మేరీని కూర్చోబెట్టి నేను చేసిన పని చెప్పాను.

"చెప్పకపోతే నాకు తెలిసేదే కాదుగా అన్నా" అంది. లేచి నిలబడి, "రేపట్నించి ఆ స్విచ్ నేను చూసుకుంటా. నువ్వు దాని జోలికి రామాకు" అంది.

సరేనన్నాను. స్విచ్ ఉన్న పెట్టె తాళం ఆమెకిచ్చేశాను.