గొడవ లేదని రాసే ఓబులేసు

ప్రొద్దుటూరులో బట్టల కొట్టు పైనున్న సాఫ్ట్‌వేర్ ఆఫీసుకు ఓబులేసు రావడమే ఎండెక్కాక వస్తాడు. వచ్చి పార్టీ కండువా సర్దుకుని, చెవిలో పుల్ల తిప్పుకుంటూ, పులివెందుల మేనమామ గొప్పలు చెబుతాడు. ఆ మామ పార్టీ నాయకుడి జీపు వెనక పరిగెత్తే మనిషి. ఈ ఏబ్రాసికి ఉద్యోగం దొరికింది అందుకే. పని కష్టమైంది కాదు. కంప్యూటర్లోకి ప్రోగ్రాములు ఎక్కించే ప్యాకేజ్ మేనేజర్‌కు, ఒకదానికొకటి పొసగని రెండు ప్యాకేజీలు ఇచ్చి, అది ఆగి హెచ్చరిస్తుందో లేదో చూడాలి. ఓబులేసు ముందే ఒకదాన్ని పీకేసి, రెండోది ఎక్కించి, "గొడవ లేదు" అని రాసేస్తాడు.

ఒకరోజు పక్క కుర్చీలోని గౌరి మొదటిది ఉండగానే రెండోది ఎక్కించింది. ప్యాకేజ్ మేనేజర్ ఒక్కమాటైనా అడక్కుండా పాతదాన్ని, దాని వివరాలతో సహా, చెరిపేసింది.

"ఓబులేసన్నా, ఇది ఆస్పత్రులకు పోతాది. రోగుల వివరాలు పోతే ఎట్ల?"

అతను యజమాని ప్రభాకరరావు వైపు తిరిగాడు. "సార్, ఈయమ్మి ఊరు లింగాల. వాళ్లింట్లో అందరూ ఎదుటి పార్టీనే. కావాలనే చెడగొడతాంది."

సీమలో ఫ్యాక్షన్ కక్షలు రగిలే ఆ ఏళ్లలో అలాంటి మాట బయటికి పొక్కితే ఇంటి మీదికి నాటుబాంబులు వచ్చేవి. గౌరి ముఖం పాలిపోయింది. అయినా యజమాని కళ్లముందే మళ్లీ చేసి చూపింది. పాతది మళ్లీ మాయమైంది.

ప్రభాకరరావు ఇద్దరినీ మార్చి మార్చి చూసి, చివరికి ఓబులేసు కండువా దగ్గర ఆగాడు. "సరేలేప్పా ఓబులేసూ, పాసని రాసి పంపీ."

ఓబులేసు హుషారుగా "పాస్" అని కొట్టాడు. పరీక్షించినవారి పేరు రాయాల్సిన చోట మాత్రం కాసేపు ఆలోచించాడు. ఆలోచించి, గౌరి పేరు రాశాడు.