రెండుసార్లు వచ్చిన తూటా మందు త్రాసు

2020 మే నెల. జర్మనీలో జిండెల్ఫింగెన్ దగ్గర ఒక చిన్న కాలిబ్రేషన్ ల్యాబ్‌లో నేను చేరి అప్పటికి ఏడేళ్లు. కాలిబ్రేషన్ అంటే కొలిచే పరికరాన్నే కొలిచి చూడటం. కార్ల విడిభాగాలు చేసే కంపెనీల నుంచి గేజ్‌లు, టార్క్ రెంచ్‌లు, త్రాసులు మాకు వస్తాయి. అవి నిజం చెబుతున్నాయో లేదో పరీక్షించి, కాగితం మీద సంతకం పెట్టి పంపుతాం. కరోనా వల్ల ఆ నెలలో ఫ్యాక్టరీలు సగం మూతపడ్డాయి. మమ్మల్నీ కుర్జ్‌ఆర్బైట్‌లో పెట్టారు, అంటే పనిగంటలు తగ్గించేశారు. వారానికి మూడు రోజులే ల్యాబ్. చేతిలో పని లేక, మామూలుగా తీసుకోని చిల్లర పనులు కూడా మా బాస్ ఉవె తీసుకోవడం మొదలుపెట్టాడు.

అలా వచ్చిందే ఆ చెక్కపెట్టె. లోపల పాత బ్యాలెన్స్ బీమ్ త్రాసు. ఒక దండె, దాని మీద గాట్లలో జరిపే తూకపు బిళ్లలు, ఒక చివర చిన్న ఇత్తడి పళ్లెం, రెండో చివర ముల్లు. దండె మధ్యలో నైఫ్ ఎడ్జ్ ఉంటుంది. అంటే కత్తిలా పదునైన ఉక్కు అంచు. అది అగేట్ రాయిలో చెక్కిన సన్నటి గాడిలో కూర్చుని, దాని మీదే దండె ఊగుతుంది. కరెంటు అక్కర్లేదు. బాగున్న త్రాసయితే ఒక్క గసగసాల గింజకు కూడా కదులుతుంది.

పంపినాయన హెర్ కెస్లర్, అంటే కెస్లర్ గారు. రైల్వేలో సిగ్నల్ మెకానిక్‌గా చేసి రిటైరయ్యాడు, వయసు డెబ్బై ఆరు. ఊరి షూటింగ్ క్లబ్బులో గురి పోటీలకు వెళ్తాడు. కాల్చేసిన ఖాళీ తొడుగుల్లో మళ్లీ మందు నింపి తన తూటాలు తనే చేసుకుంటాడు. దీన్ని రీలోడింగ్ అంటారు. జర్మనీలో దానికి కోర్సు చదివి, పరీక్ష రాసి, పర్మిట్ తీసుకోవాలి. మందు తక్కువైతే గురి తప్పుతుంది. మరీ ఎక్కువైతే తుపాకీ చేతిలోనే పగలొచ్చు. మధ్యలో ఉన్న భరోసా ఆ త్రాసొక్కటే.

"త్రాసు మాట మారుస్తోంది, దయచేసి చూడండి" అని ఉత్తరం రాశాడు. నేను దుమ్ము ఊది, అగేట్ గాడినీ నైఫ్ ఎడ్జ్‌నీ ఆల్కహాల్‌తో తుడిచి, ప్రామాణిక తూకాలు పెట్టి చూశాను. ముల్లు ప్రతిసారీ గీత మీదే ఆగింది. సంతకం పెట్టి పంపించాను.

పది రోజులకు అదే పెట్టె తిరిగొచ్చింది. మళ్లీ శుభ్రం చేశాను, మళ్లీ పరీక్షించాను, మళ్లీ అన్నీ సరిగ్గానే ఉన్నాయి.

"పెద్దాయన చేతులు వణుకుతుంటాయి, కళ్లు కూడా ఆనవేమో" అన్నాడు ఉవె. నేనూ మనసులో ఒప్పుకున్నాను. రెండో కాగితం పెట్టి త్రాసు పంపించేశాను.

తర్వాతి వారం ఆయనే ఫోన్ చేశాడు. గొంతులో కోపం లేదు. ఇక్కడి మర్యాద ప్రకారం నా ఇంటిపేరుకి ముందు ఫ్రౌ, అంటే శ్రీమతి, చేర్చి పిలిచాడు.

"ఫ్రౌ పోతుల, మీ కాగితం నా ముందే ఉంది. త్రాసు సరిగ్గా ఉందంటోంది. దాన్ని నమ్మి నలభై తూటాలు నింపాను. తర్వాత ఎందుకో అనుమానమొచ్చి నలభైనీ విప్పేశాను. మందు మళ్లీ అదే త్రాసులో పోసి తూచాను. తొమ్మిదింటిలో ఎక్కువుంది."

వెంటనే అడిగాను: "ఎంత ఎక్కువ?"

"ప్రమాదమయ్యేంత కాదనుకుంటాను. కానీ నాకు తెలియకుండా ఎక్కువైంది, అదీ నా భయం. జూన్‌లో క్లబ్బు తెరుస్తారంటున్నారు. నా పక్క వరసలో ఇంకొకరు నిలబడతారు కదా."

ఆ కాగితం మీద సంతకం నాది. ఆయన అనుమానించకపోయి ఉంటే ఆ తూటాలు తుపాకీలోకి వెళ్లేవి. "నేను మీ ఇంటికి వచ్చి చూస్తాను, ఏ రోజు ఎన్నింటికి రావాలో టెర్మిన్ ఇవ్వండి" అన్నాను.

ఇంట్లో చెబితే మా ఆయన రమేష్ ససేమిరా అన్నాడు. "తుపాకులున్న ఇంటికి ఒక్కదానివే పోతావా? నేను గూడ వస్త. కారులో కూసుంట." అన్నట్టే వచ్చి కారులో కూర్చున్నాడు.

హెర్ కెస్లర్ నాకోసం కింద సెల్లార్‌లోంచి బల్లను గ్యారేజీలోకి తెచ్చి, తలుపు బార్లా తీసి పెట్టాడు. ఇద్దరికీ మాస్కులు. బల్ల సమంగా ఉందో లేదో రసమట్టం పెట్టి చూసి మరీ త్రాసు ఉంచాడు. పక్కన ఒక గిన్నెలో నల్లటి గసగసాలు.

"ఇవేంటి?" అన్నాను.

"బయటివాళ్లు ఉన్నప్పుడు నేను మందు డబ్బా తెరవను. మందుకు బదులు ఇవి, కేకు కోసం ఎర్నా దాచుకున్నవి." ఎర్నా ఆయన భార్య. ఊపిరితిత్తుల జబ్బు ఉండటంతో లోపలే, కిటికీ అవతల కూర్చుని మమ్మల్ని చూస్తోంది.

"మీరు రోజూ ఎలా తూస్తారో చూపించండి" అన్నాను. అంతకుముందు రెండుసార్లూ ఈ మాట అడగాలని నాకు తోచనే లేదు.

ఆయన బిళ్లలు జరిపి, ట్రిక్లర్ అందుకున్నాడు. అదొక సన్నటి గొట్టం. వేళ్లతో తిప్పుతుంటే గింజలు ఒకటొకటిగా పళ్లెంలో రాలతాయి. ఆయన చేయి అణువంత కూడా వణకలేదు. గింజలు పడుతూనే ఉన్నాయి, ముల్లు కదల్లేదు. ఇంకో గింజ. ఇంకోటి. ఉన్నట్టుండి ముల్లు ఎగిరి గీత మీదకొచ్చి నిలబడింది.

"చూశారా, సరిగ్గా ఉంది అంటోంది" అన్నాడు. పళ్లెం ఎత్తి, మళ్లీ దాని చోట పెట్టాడు. ముల్లు ఈసారి గీత దాటి పైన ఆగింది. "ఇప్పుడు ఎక్కువ అంటోంది. మొదట చెప్పింది నమ్మాలా, రెండోది నమ్మాలా?"

నాకప్పుడు అర్థమైంది. ల్యాబ్‌లో నేను తూకాన్ని పట్టకారుతో పళ్లెంలో వేస్తాను. ఆ చిన్న కుదుపుకి దండె దేనికి అంటుకున్నా విడిపోతుంది. గింజ గింజగా పోస్తే ఆ కుదుపు ఉండదు. దండె పట్టుకునే ఉంటుంది. అది విడిపోయేలోపు పడాల్సిన దానికంటే ఎక్కువ పడిపోతుంది, అయినా ఆ పట్టు వల్ల ముల్లు గీత మీదే ఆగిపోతుంది.

దండె ఎత్తి, భూతద్దంతో అగేట్ గాడిలోకి చూశాను. సన్నటి మెరుపు. సన్నటి పుల్లతో తాకితే జిగురు.

"దీన్ని దేనితోనైనా తుడిచారా?"

ఆయన జవాబు చెప్పేలోపే కిటికీలోంచి ఎర్నా అంది: "ఆయన తుడవనిదేముంది? మార్చిలో సెల్లార్ మొత్తం తుడిచాడు. పోస్టులో ఏమొచ్చినా తుడుస్తాడు, ఉత్తరాలతో సహా. నాకు ఏమన్నా అవుతుందని."

ఆయన లోపలికెళ్లి ఒక సీసా తెచ్చాడు. ఆ వసంతంలో షాపుల్లో శానిటైజర్ దొరక్క ఫార్మసీ వాళ్లే కలిపి ఇచ్చిన ద్రవం. చేతులు ఎండిపోకుండా అందులో గ్లిజరిన్ కలుపుతారు. ఆల్కహాల్ ఆవిరైపోతుంది, గ్లిజరిన్ ఉండిపోతుంది. నేను శుభ్రం చేసి పంపిన ప్రతిసారీ ఆయన పార్సెల్ విప్పి, భార్య కోసం త్రాసుని జాగ్రత్తగా తుడిచాడు.

"అయితే తప్పు నాదే" అన్నాడు.

"సగం నాది" అన్నాను. అది మర్యాదకు అన్న మాట కాదు. వచ్చిన పరికరాన్ని వచ్చిన స్థితిలోనే ముందు పరీక్షించాలి, ఆ తర్వాతే ముట్టుకోవాలి. మా పనిలో మొదటి వారం నేర్పే పాఠమిది. దుమ్ము కనిపించిందని నేను ముందే తుడిచేశాను. రోగాన్ని కడిగేసి, రోగి బాగానే ఉన్నాడని రాశాను. అదే ఆయనకు చెప్పాను.

ఆయన సీసాకి మూత బిగించాడు. "సిగ్నళ్లలో నలభై ఏళ్లు చేశాను. తమ తప్పు ఇలా ఎదురుగా నిలబడి చెప్పినవాళ్లు తక్కువ" అన్నాడు.

గాడినీ అంచునీ శుద్ధమైన ఆల్కహాల్‌తో తుడిచాను. ఆయన మళ్లీ ట్రిక్లర్ పట్టుకున్నాడు. ఈసారి ఒక్కో గింజకీ ముల్లు కదిలింది. పళ్లెం ఎత్తి పెట్టినా అదే గీత. పదిసార్లు చూసి నేను చాలనుకున్నాను. ఆయన చాలనుకోలేదు. యాభైసార్లు తూచాడు, ఒక్కసారి కూడా విసుగు చూపించలేదు. ఆ వయసులో, ఎవరూ అడగని చోట, అంత ఓపిక నేను ఇంకెవరిలోనూ చూడలేదు. మధ్యలో ఎర్నా గుమ్మం దగ్గర కేకు ముక్క పెట్టి వెనక్కి జరిగితే, రమేష్ కారు దిగి వచ్చి తీసుకున్నాడు. ఆ తర్వాత అతనూ గ్యారేజీ బయట నిలబడి లెక్కపెట్టడం మొదలుపెట్టాడు.

మర్నాడు ఉవెకి జరిగిందంతా చెప్పాను. మొహం చిట్లించాడు కానీ, మా ఫారంలో మొదటి గడిగా "ముట్టుకోకముందు పరీక్ష" చేర్పించాడు. అప్పటికి గడిచిన రెండు నెలల్లో నేను ముందే తుడిచి పరీక్షించిన త్రాసులు ఇంకో నాలుగున్నాయి. వాళ్లందరికీ నేనే ఫోన్ చేసి, ఉచితంగా మళ్లీ చూస్తానని చెప్పాను. ఆ ఫోన్లు చేయడం సులువు కాలేదు. హెర్ కెస్లర్ చేసిన పని గుర్తుచేసుకుని చేశాను. నలభై తూటాలు విప్పడానికి ఆయనకు రెండు రోజులు పట్టిందట.

వారం తర్వాత ల్యాబ్‌కి ఆయన ఉత్తరం వచ్చింది. "కారణం నా తుడుపు గుడ్డ. కనిపెట్టింది మీ ఇంజనీరు" అని రాశాడు. నా పొరపాటు గురించి ఒక్క ముక్క లేదు.

నిజానికి కనిపెట్టింది ఆయనే. చేతిలో ముద్ర వేసిన కాగితం ఉన్నా, మేం రెండుసార్లు కాదన్నా, తన కళ్లు చూసినదాన్ని వదులుకోలేదు, ఎవరి మీదా అరవలేదు. పరికరం ఒక్కటే పనిచేయదు, దాన్ని వాడే చేయితో కలిసి పనిచేస్తుంది అని నాకు ఆ గ్యారేజీలో తెలిసింది. ఇప్పుడు ఎవరైనా ఫోన్ చేసి "మీ దగ్గర బాగానే ఉంటుంది, నా దగ్గర ఉండదు" అంటే నేను వాదించను. వెళ్తాను. కుర్చీ లాక్కుని పక్కన కూర్చుంటాను. "మీరు రోజూ చేసినట్టే చేయండి, నేనేమీ ముట్టుకోను" అంటాను.