ఆకుపచ్చ గీత బస్తా

ఇన్నేళ్లుగా ఒక సంగతి మింగలేక కక్కలేక ఉన్నాను. మీరెవరో నాకు తెలియదు. తెలిసినవాళ్లకైతే చెప్పలేను, అందుకే మీకు చెబుతున్నాను. నా పేరు మాత్రం అడగకండి. పేరు రాసే ధైర్యమే ఉంటే ఈ కాగితాన్ని ఇప్పటికి మూడుసార్లు చింపేవాణ్ని కాదు. మూడుసార్లూ తప్పంతా షావుకారు మీదికి నెట్టి మొదలుపెట్టాను. ఈసారి అలా రాయకూడదని కూర్చున్నాను. రాస్తానో లేదో చూడాలి.

సూర్యాపేటలో ఒక నూనె మిల్లు. అందులో నేను గుమస్తాను. మిలటరీ వచ్చి పాత రాజ్యం పోయిన మరుసటి ఎండాకాలం. మిల్లులో పల్లీలు, ఆముదాలు రెండూ ఆడేవాళ్లం. నూనె తీయగా మిగిలిన పిప్పిని చెక్క అంటాం. పల్లి చెక్క పశువుల దాణా. నానబెట్టి పెడితే బర్రె పాలు చిక్కగా ఇస్తుంది. ఆముదపు చెక్క పొలానికి ఎరువు. అది పశువు కడుపులో పడితే విషం.

ఈ రెండూ కలిసిపోకుండా సర్కారు కచేరీ నుంచి ఒక హుకుం ఉండేది. బస్తా మీద లోపల ఏముందో రాయాలి. చదువు రానివాళ్ల కోసం రంగు గీత కూడా వేయాలి. దాణాకు ఆకుపచ్చ, ఎరువుకు ఎరుపు. ఆ రాతలు రాసేది, గీతలు గీసేది నేనే. రేకులో అక్షరాలు కత్తిరించి, బస్తా మీద ఆనించి, రంగు అద్దేవాణ్ని. నా అక్షరాలు బాగుంటాయని అందరూ అనేవాళ్లు. నాకూ అలాగే అనిపించేది.

తనిఖీకి ఒక ఆఫీసరు వచ్చేవాడు. మంచివాడే. మామూళ్లు కూడా తీసుకునేవాడు కాదు. కానీ బస్తాల వరుస ముందు నడుచుకుంటూ పోయి, గీతలు చూసి, సంతకం పెట్టి, చాయ్ తాగి వెళ్లిపోయేవాడు. ఒక్క బస్తా మూతి కూడా విప్పించలేదు. కోదాడ దారిలో బండ్లు ఆపే నాకా దగ్గరా అంతే. బండి ఆగితే గీత చూసేవాళ్లు, పొమ్మనేవాళ్లు. గీత చూస్తే చాలని సర్కారుకు ఎందుకనిపించింది? ఆ గీత గీసేది నాలాంటివాడని ఎవరికీ తట్టలేదా?

ఆ ఏడు గడ్డి కరువు. చెక్కకు గిరాకీ పెరిగింది, పల్లీలు చాలలేదు. షావుకారు ఒకరోజు పొద్దున నన్ను గోదాములోకి పిలిచి, మూడు గంపల పల్లి చెక్కకు ఒక గంప ఆముదపు చెక్క పొడి కొట్టి కలిపించమన్నాడు. "మిషన్ల వేడికి ఇసం సచ్చిపోతదిరా, ఏం గాదు," అన్నాడు. కొత్త సంచులు లేవు. ఎర్ర గీత ఉన్న ఎరువు సంచులనే దులిపి, లోపలి వైపు బయటికి తిప్పి, ఆకుపచ్చ గీత వేయమన్నాడు. వేశాను. పల్లి చెక్క అని రెండే మాటలు రాశాను. ఎరుపు లోపలికి పోయింది.

నిజంగానే వేడికి విషం చస్తుందని నమ్మానా? ఈ ప్రశ్న వేసుకున్నప్పుడల్లా నమ్మాననే జవాబు చెప్పుకుంటూ వచ్చాను. అది అబద్ధం. మా అక్కను మిర్యాలగూడలో ఇచ్చారు. వాళ్లింట్లో రెండు పాడి బర్రెలు. మొదటి బండి ఎటు బయలుదేరుతుందో తెలియకముందే, అటు పోయే మనిషి చేత అక్కకు కబురు పంపాను. ఈ ఎండాకాలం మా మిల్లు చెక్క కొనొద్దు, ఎందుకని అడగొద్దు అని. కాబట్టి తెలియక చేశానని అనడానికి లేదు. నా వాళ్ల బర్రెలను కాపాడుకునేంత తెలివి నాకు ఉంది. మిగతా ఊళ్ల బర్రెలు ఎవరివి? అవి ఎవరివో ఆలోచించకుండా ఉండటానికి ఆ వారం రోజులు ఎంత కష్టపడ్డానో చెబితే మీకు నవ్వొస్తుంది.

ఆత్మకూరు దగ్గరి ఒక తండా నుంచి సక్రి అనే ఆమె వచ్చేది. నలభై ఏళ్లుంటాయి. ఒక్కటే బర్రె. రోజూ పొద్దున్నే పాలు తెచ్చి సూర్యాపేట హోటళ్లకు పోసేది, ఆ పాల మీదే వాళ్లిల్లు నడిచేది. బర్రె అప్పుడే ఈనింది. చెక్క కోసం మిల్లు ముందున్న మా కొట్టుకు వచ్చింది.

మా దగ్గర ఒక వాడుక ఉంది. చెక్క అమ్మేవాడు కొనేవాళ్ల ముందు చిన్న ముక్క విరిచి తను నోట్లో వేసుకోవాలి. నమిలి మింగాలి. మనిషి తిన్నది పశువుకు పెట్టవచ్చని నమ్మకం. అందుకని ప్రతి బస్తా మూతిలో పైన నాలుగు మంచి పల్లి చెక్క ముక్కలు పరిపించాను. అది షావుకారు చెప్పలేదు. నాకే తోచింది. సక్రి చూస్తుండగా పైనున్న ముక్క తీసి కొరికాను. కమ్మగా ఉంది. ఆమె ఆకుపచ్చ గీతను వేలితో తడిమి, బస్తా నెత్తికెత్తుకుని పోయింది.

మర్నాటి నుంచి రోజూ పొద్దున హోటలు వైపు పోయి సక్రి పాల బిందె వచ్చిందా లేదా అని దూరం నుంచి చూసేవాణ్ని. మొదటి రోజు వచ్చింది. రెండో రోజూ వచ్చింది. హమ్మయ్య అనుకున్నాను. షావుకారు చెప్పిందే నిజమేమో అనుకున్నాను. మూడో రోజు రాలేదు. నాలుగో రోజూ రాలేదు.

వారానికి ఆమే వచ్చింది. మిగిలిన చెక్క పారబోసిందో ఏమో, చేతిలో ఖాళీ బస్తా మడత పెట్టి ఉంది. అరుస్తుందని, మన్నెత్తి పోస్తుందని అనుకున్నాను. అలా జరిగి ఉంటే ఎంత బాగుండేది. ఆమె మెల్లగా గడప దగ్గర కూర్చుంది.

"పంతులూ, నా బర్రె సచ్చిపోయింది," అంది. "మూడొద్దులు నెత్తురు పారింది. దూడకు పాలు లేవు."

నేను లెక్కల పుస్తకం తెరిచి, మళ్లీ మూశాను.

"ఆఫీసరు దొర కాడికి పోయిన. బస్తా సూసిండు. పచ్చ గీత ఉన్నది, మాల్ మంచిదే, పొమ్మన్నడు. నా మొగుడేమో ఎక్కువ పెట్టి సంపినవ్ అని నన్నే తిడుతుండు. పూటకు నాలుగు దోసిళ్లు పెట్టిన పంతులూ. పాలు ఎక్కువిస్తదని ఆశకు పెట్టిన. ఎంత పెట్టాల్నో దీని మీద రాసి ఉన్నదా? జర సదివి చెప్పు."

బస్తా నా చేతికిచ్చింది. మడత విప్పితే లోపలి ఎర్ర గీత అంచు కనబడింది. ఆమె చూస్తుందేమోనని చప్పున మడిచాను. అప్పుడు నా వేలు నేను రాసిన రెండు మాటల కింద జరిగింది. ఆ వేలు నాదే, దాన్ని ఎవరూ పట్టుకుని జరపలేదు.

"ఉన్నది," అన్నాను. "రెండు దోసిళ్లకు మించి పెట్టొద్దని రాసి ఉన్నది."

"యాడ?"

"గీడ."

ఆమె ఆ అక్షరాలను చాలాసేపు చూసింది. "అయితే నేనే సంపుకున్ననా పంతులూ?"

"తెల్వక పెట్టినవ్. నువ్వేం జేస్తవ్," అన్నాను.

ఓదార్చాను చూశారా? బస్తా ఇక్కడే ఉంచమని, దానికి బదులు ఇంకో సంచి ఇచ్చి పంపాను. నువ్వన్నా మంచిగ చెప్పినవ్ పంతులూ అని దండం పెట్టి పోయింది. ఆమె మలుపు తిరిగాక బస్తాను మిల్లు బాయిలర్ మంటలో వేశాను.

తర్వాత ఏమీ జరగలేదు. ఇదే మీకు చెప్పాల్సిన అసలు సంగతి. ఇంకెన్ని బర్రెలు పోయాయో నాకు తెలియదు, నేను అడగలేదు. వానలు పడ్డాయి, గడ్డి మొలిచింది, కలపడం ఆగింది. ఆఫీసరు వచ్చాడు, గీతలు చూశాడు, సంతకం పెట్టాడు. ఆ దసరాకు మిర్యాలగూడ పోతే అక్క గ్లాసు నిండా పాలు తెచ్చి, మా తమ్ముడి పుణ్యాన మా బర్రెలు సల్లగున్నయి అని అత్తగారితో చెప్పుకుని మురిసింది. ఆ పాలు తాగలేకపోయాను. కడుపులో బాగాలేదని చెప్పాను. అక్క ఇప్పటికీ నన్ను మంచివాణ్నే అనుకుంటోంది.

రెండేళ్ల తర్వాత ఆ తండా మనిషి ఒకడు మాటల్లో సక్రి సంగతి ఎత్తాడు. ఆమె చెయ్యి పశువుకు అచ్చిరాదని తండాలో పేరు పడిందట. ఎవరింట్లో ఆవు ఈనినా ఆమెను కుడితి కుండ కూడా ముట్టనివ్వరట. ఆమె కూడా ఎదురు చెప్పదట, దూరంగా జరిగి కూర్చుంటుందట. నా చెయ్యి చంపింది, ఆమె చేతికి పేరు వచ్చింది. ఆ మనిషితో అప్పుడైనా చెప్పి ఉండొచ్చు. వాడు నా ఎదురుగా బీడీ తాగుతూ కూర్చునే ఉన్నాడు. నేను ఎండల గురించి మాట్లాడాను.

ఆత్మకూరు ఎంత దూరం? నడిచి పోయినా ఒక పూట. పోలేదు. మిల్లు పోతుందని భయపడ్డాను, జైలుకు భయపడ్డాను. మిల్లు ఎప్పుడో మూతపడింది, షావుకారు పోయాడు, అయినా పోలేదు. ఇప్పుడు ఎవరికి భయం? ఆమె ముఖానికి. నిజం విన్నాక ఆ ముఖం ఎలా మారుతుందో, అది చూడటానికి నాకు భయం.

అందుకే ఆమెకు చెప్పాల్సింది ఇక్కడ రాస్తున్నాను. సక్రీ, ఆ బస్తా మీద దోసిళ్ల మాట ఎక్కడా లేదు. నేను కల్పించి చదివాను. నువ్వు పెట్టిన నాలుగు దోసిళ్లు ఎక్కువ కాదు. నీ చేతిలో ఏ దోషమూ లేదు.

రాశాను. దీంతో ఆమెకు ఒరిగిందేమీ లేదని నాకు తెలుసు. అయినా ఈ కాగితం చింపను.