ఒక్క కంప్యూటర్లో మిగిలిన పేజీ

చల్లపల్లిలో ఒక జూనియర్ కాలేజీ వాళ్లు లెక్చరర్ ఉద్యోగం ఇస్తామంటే, వెళ్లాలా వద్దా అని టీచరుగారు నన్ను అడిగారు. ఆ రోజు నేను చెప్పవలసిన మాట ఒకటుంది. చెప్పలేదు.

రెండు వేల సంవత్సరం దాటిన తొలి రోజులవి. పటమటలో నాకు నాలుగు కంప్యూటర్ల నెట్ సెంటర్ ఉండేది. దాంతోపాటు, తెలుగులో ఎక్కడ ఏ మంచి పేజీ ఉందో చూపించే చిన్న వెబ్‌సైటు నడిపేవాడిని. అప్పట్లో ఒక్కో పత్రికకు ఒక్కో ఫాంటు. అది దించుకోకపోతే తెరమీద పిచ్చిగీతలే. అంత తంటాలు పడి తెరిచాక, ఏది చదవదగ్గదో చెప్పేవాళ్లు ఉండాలిగా. ఆ పని టీచరుగారు చేసేవారు.

ఆవిడ మా వీధిలోని హైస్కూల్లో తెలుగు చెప్పేవారు. పుట్టిల్లు చల్లపల్లి, నాన్నగారిది చేపల వ్యాపారం. తెరమీద చదివితే చదివినట్టుండదనేవారు. అందుకని నేను వారమంతా కనబడిన పేజీలు ప్రింటు తీసి ఉంచేవాడిని. శనివారం బడి అయ్యాక వచ్చి పట్టుకెళ్లి, మళ్లీ శనివారానికి నచ్చిన కాగితాల వెనకవైపు రెండేసి వాక్యాలు రాసి తెచ్చేవారు. ఒకసారి వంటల పేజీ ఒకదాని గురించి, ‘కూర మాడిందని కూడా రాసింది, ఈమెను నమ్మవచ్చు’ అని రాశారు. అవి టైపు చేసి సైటులో పెట్టేవాడిని. ఎక్కడెక్కడి వాళ్లో ఆవిడకు మెయిళ్లు పంపేవారు. వాటినీ ప్రింటు తీసి ఇస్తే మడిచి బ్యాగులో పెట్టుకునేవారు.

నెట్‌లో వెతికిపెట్టే పెద్ద కంపెనీలు ఆ రోజుల్లోనే సిఫార్సుల పనిలోకీ దిగాయి. ఎవరు దేన్ని నొక్కారో చూసి, తర్వాత ఏం చూడాలో కంప్యూటరే చెబుతుందన్నమాట. మా సైటుకు సర్వరులో చోటిచ్చి, ఖర్చు భరించే హైదరాబాదు సంస్థ ఒకటుండేది. అది అలాంటి కంపెనీతో ఒప్పందం చేసుకుని, మనుషులు ఏరిన జాబితా ఇక అక్కర్లేదని నాకు మెయిలు పంపింది. ఆ వారమే టీచరుగారి వాక్యాల చోట కంప్యూటర్ ఏరిన లింకుల పెట్టె ఒకటి వచ్చి కూర్చుంది. సినిమా బొమ్మలు, పరీక్ష ఫలితాలు, రాశిఫలాలు. చూసేవాళ్లు పెరిగారు కూడా. ఆ మాట దాచను.

ఆ శనివారం చెబుదామనుకున్నాను. కుర్చీలో కుదురుగా ఉండలేక వీధి చివరిదాకా రెండుసార్లు వెళ్లొచ్చాను. తీరా చేసిందేమిటంటే, పాత పేజీని మూలనున్న కంప్యూటర్లో దాచి, ఆవిడ కొత్త వాక్యాలు అందులో చేర్చి, అదే చూపించాను. ఆ ఒక్క మిషన్లో తప్ప ఆ పేజీ లోకంలో ఎక్కడా లేదు. ఒక్క వారమే అనుకున్నది ఎనిమిది నెలలు సాగింది. ఎవరైనా ఆ మూల కంప్యూటర్ ముందు కూర్చోబోతే లేచి నిలబడేవాడిని. మెయిళ్లు రావడం లేదేమని ఆవిడ అడిగితే నెపం సర్వరు మీదకు నెట్టాను. ఆవిడ బాధపడతారని దాస్తున్నానని నాకు నేను చెప్పుకునేవాడిని. నిజానికి, నా సైటు నా చేతిలో లేదని ఒప్పుకోవడానికి నాకు మొహం చెల్లలేదు.

కాలేజీ కబురు ఆ నెలల మధ్యలోనే వచ్చింది.

“అక్కడ నెట్ లేదు కదండీ. నేను వెళ్తే ఈ పని ఎవరు చూస్తారు?” అన్నారు.

“మీరు లేకపోతే కష్టమే టీచరుగారూ,” అన్నాను.

రానని కాలేజీకి రాసేశారు. ఇంత తెలివితక్కువ బేరం తాను చేపల దగ్గర కూడా చెయ్యనని నాన్నగారు అన్నారట. అది నాకు చెప్పి నవ్వారు. నేనూ నవ్వాను.

వేసవి సెలవులకు ఆవిడ ఊరు వెళ్లేసరికి చల్లపల్లి బస్టాండు దగ్గర నెట్ సెంటర్ తెరిచారు. దేనికోసం ఉద్యోగం వదులుకున్నారో చూపిద్దామని నాన్నగారిని అక్కడికి తీసుకెళ్లారు.

తిరిగొచ్చిన శనివారం నేను అలవాటుగా మూలనున్న కంప్యూటర్ తెరిచి ఉంచాను. ఆవిడ కూర్చోలేదు.

“ఇది కాదండీ. ఆ పక్కదాంట్లో పెట్టండి.”

“అది బాగా స్లో అండీ.”

“పర్లేదు. నాకేం తొందర లేదు.”

తెరమీద ఆ లింకుల పెట్టె మెల్లగా పైనుంచి కిందికి దిగింది. పూర్తిగా వచ్చేదాకా ఇద్దరం చూస్తూ నిలబడ్డాం.

“ఎప్పట్నించి?” అని అడిగారు. చెప్పాను. వేళ్లమీద నెలలు లెక్కపెట్టుకున్నారు.

“అయితే నేను మిమ్మల్ని అడిగేనాటికే లేదు.”

చేతిలోని కాగితాలు బల్లమీద పెట్టి వెళ్లిపోయారు. మళ్లీ రాలేదు.

తర్వాత నెట్ సెంటర్ మూసేసి భవానీపురం మారిపోయాను. కొన్నేళ్లకు, నెట్‌లో తెలుగు గురించి ఊళ్లో సభ పెట్టి నన్నూ మాట్లాడమన్నారు. టీచరుగారి సంగతి ఎవరో అడిగితే, తీరిక లేక ఆవిడే మానేశారని మైకులో చెప్పాను. చప్పట్లు కొట్టారు. మర్నాడే ఆవిడ బడికి వెళ్లాను. స్టాఫ్ రూములో పేపర్లు దిద్దుతున్నారు. జరిగినదంతా, సభలో అన్నది కూడా చెప్పి క్షమించమన్నాను.

ఆవిడ తలెత్తి, “సభలో ఆడిన అబద్ధానికి స్టాఫ్ రూములో క్షమాపణేంటండీ?” అన్నారు.

దానికి జవాబు రాయడానికి నాకు ఇంతకాలం పట్టింది. టీచరుగారు ఆ పని మానలేదు. పని పోయిందని తెలిసీ నేను ఆవిడ చేత చేయించాను. నా మాట నమ్మి ఆవిడ ఉద్యోగం వదులుకున్నారు. తప్పు నాది. అందరూ చదివేచోట అడుగుతున్నాను, నన్ను క్షమించండి టీచరుగారూ.