తగలని చెంపదెబ్బ

నాటకంలో చెంపదెబ్బ తగలకూడదు. నేను నేర్పే మొదటి పాఠం అదే. కొట్టేవాడు ప్రేక్షకులకి వీపు పెట్టి నిలబడతాడు. అతని చెయ్యి ముఖానికి జానెడు దూరంలోంచి వెళ్ళిపోతుంది. తల తిప్పేదీ, కొట్టేవాడి ఒంటి చాటున రెండు చేతులూ చరిచి చప్పుడు చేసేదీ దెబ్బ తినే మనిషే. ఎనభైల్లో ఆటోనగర్‌లో ఒక యూనియన్ ఆఫీసు మేడమీద, సాయంత్రం వర్క్‌షాపులు మూసేశాక, నాటకాల పిచ్చి ఉన్నవాళ్ళకి ఇలాంటివే నేర్పేదాన్ని. ఎలా నడవాలి, ఎలా పడాలి, పడితే ఎలా లేవాలి. "నడకల మేడమ్" అని చాటుగా నవ్వేవాళ్ళు. నవ్వితే నవ్వనీ అనుకునేదాన్ని.

ఇదంతా ఎక్కడ నేర్చుకున్నారని ఎవరైనా అడిగితే, హైదరాబాదులో ఒక శిక్షణ శిబిరంలో అనేదాన్ని. అది సగం నిజం.

డెబ్భైల్లో నేను వేషాలు వేసేదాన్ని. పోటీలకి వెళ్ళే నాటక సమాజాల్లో అంతా మగవాళ్ళే. ఆడవేషానికి బయటినుంచి మాలాంటివాళ్ళని పిలిపించేవారు. డైలాగులు ముందుగా పంపేవారు. ప్రదర్శన రోజు పొద్దున్న వెళ్ళి, ఒక్క రిహార్సల్ చేసి, సాయంత్రం స్టేజీ ఎక్కేయాలి. అప్పటిదాకా మా జాగాలో వాళ్ళలోనే ఒకాయన నిలబడి మా డైలాగులు అప్పజెప్పేవాడు. పోర్టు ఉద్యోగుల నాటకం ఒకదానికి నన్ను పిలిచారు. అందులో నా జాగాలో నిలబడినాయన రేవులో మూటలు మోసి రాటుదేలిన మనిషి. భర్త వేషం వేసే ఆయన క్రేన్ ఆపరేటర్. ఇద్దరిదీ బావా అంటే బావా అనుకునే చనువు. చెంపదెబ్బ సీను వచ్చినప్పుడల్లా "గట్టిగా కొట్టు బావా, నాకేటవదు" అని ఈయన అనడం, ఆయన నిజంగానే కొట్టడం, ఇద్దరూ పకపకా నవ్వుకోవడం. అలా నెలల తరబడి అలవాటు పడిపోయారు. నేను వెళ్ళిన రోజు రిహార్సల్లో మాత్రం ఆ సీను "ఇక్కడ దెబ్బండి" అని నోటితో అనేసి దాటేశారు. ఆడమనిషి మీద ఊరికే చెయ్యెత్తడం మర్యాద కాదనుకున్నారు.

ఆ సాయంత్రం స్టేజీ మీద ఆ చెయ్యి అలవాటు కొద్దీ వచ్చి నా ఎడమ చెంప మీద పడింది. చెవి గింగురుమంది. కమ్మ ఊడి ఎక్కడో పడింది. నేను ఏడవకుండానే కళ్ళు కారిపోయాయి. హాలంతా చప్పట్లు. ఆయన కళ్ళు ఒక్క క్షణం బెదిరాయి గానీ డైలాగు ఆపలేదు. నేనూ ఆపలేదు. ఉత్తమ నటి షీల్డు నాకే ఇచ్చారు. ఆ సీనులో ఏడుపు ఎంతో సహజంగా ఉందన్నారు. వాచిన చెంపతోనే నవ్వుతూ అందుకున్నాను. నాకు ఇప్పటికీ సిగ్గేసేది అక్కడే. దెబ్బ తిన్నందుకు కాదు. ఆ చప్పట్లు నాకు బాగున్నాయి.

మా అమ్మ ఆస్పత్రిలో నర్సు. ఏ దెబ్బకి ఏ వాపు వస్తుందో ఆవిడకి తెలుసు. ఒక్క మాట అడగలేదు. ఆదివారం చర్చిలో ఎడమవైపు కొంగు లాక్కుని కూర్చున్నాను. "ఏటమ్మా, మొకం అలగుంది?" అంది పాస్టరు గారి భార్య. నేను నోరు తెరిచేలోగా "పన్ను నొప్పండి" అంది అమ్మ. అబద్ధమాడితే మా చెవులు మెలేసే మనిషి, నా కోసం, అదీ చర్చిలో. నేను పాటల పుస్తకంలో తల దూర్చేశాను. షీల్డు మంచం కిందకి పోయింది.

చాలా ఏళ్ళకి, ఆటోనగర్ క్లాసుకి ఆయనే వచ్చారు, ఆ క్రేన్ ఆపరేటరు. జుట్టు నెరిసి మనిషి బాగా తగ్గిపోయారు.

"నన్ను గుర్తు పట్టినావా అమ్మా?"

"పట్టానండీ" అన్నాను. ఇంకేమైనా అంటారేమోనని చూశాను. ఆయనా నా మొహంలోకి చూసి, ఏదో మింగేసినట్టు, తన సమాజంలో కుర్రాళ్ళకి కూడా నేర్పమని అడిగి, గోడవార బల్ల మీద కూర్చున్నారు.

ఆ రోజు పాఠం చెంపదెబ్బే. ఎవరైనా రండి అంటే ఆయనే లేచారు. ఎలా నిలబడాలో, ఎప్పుడు చేతులు చరచాలో చెప్పాను. నేను చెయ్యెత్తగానే కళ్ళు గట్టిగా మూసుకున్నారు. ఒక్క క్షణం నిజంగానే కొట్టెయ్యాలనిపించింది, అబద్ధమెందుకు. చెయ్యి జానెడు దూరంలోంచే పోయింది. చప్పుడు బాగా వచ్చింది.

"తగల్నేదు" అన్నారాయన, కళ్ళు తెరిచి.

"తగలదండీ."

క్లాసులో ఒక్కతే ఆడపిల్ల, పెందుర్తి నుంచి వచ్చేది. ఎవరో సమాజం వాళ్ళు మొదటిసారి తనని వేషానికి పిలిచారు. "మేడమ్, మా నాటకంలో నా బదులు ఇప్పుడొకాయన సేత్తన్నాడు. ఆల్లు నిజింగానే కొట్టుకుంతన్నారట. నాకు బయమేత్తంది. మీకెప్పుడైనా తగిలిందా?"

ఆయన నా పక్కనే నిలబడి ఉన్నారు. "లేదమ్మా, నాకెప్పుడూ తగల్లేదు" అన్నాను. ఆయన పరువు కాపాడుతున్నాననుకున్నాను. కాపాడింది నా షీల్డుని. "నువ్వు ముందే గట్టిగా చెప్పెయ్యి, కొట్టొద్దని."

"మీకు తగల్నేదు కదా మేడమ్, అందుకే అలగంతన్నారు" అంది ఆ పిల్ల. "పెద్దోల్లకి నానెలగ సెప్పగల్ను?"



"ఆవిడికి తగిలిందమ్మా" అన్నారాయన. "కొట్టింది నానే."

ఆ పిల్ల ఆయన వైపు చూడలేదు. నా వైపు చూసింది. నా చెయ్యి దానంతటదే వెళ్ళి ఎడమవైపు కొంగు లాక్కుంది.