పడవలోని బుల్లెట్ ఇంజను

నవంబరు తుపాను వెలిసి బాపట్లలో కరెంటు తిరిగి వచ్చిన సాయంత్రం శోభారాణి ఫోన్ మోగింది. విడాకులయ్యాక మోషే ఫోన్ చేయడం అదే మొదటిసారి.

“ఆ మూలన పడేసిన బండి ఇంకా నీ దగ్గరే ఉందా?” పలకరింపు కూడా లేకుండా అడిగాడు.

“ఉంటే ఏంటి?”

“హైదరాబాదులో ఒకాయన డీజిల్ బుల్లెట్లు కొంటున్నాడు. మంచి పార్టీ. బాడీ నీ దగ్గరుంది, ఇంజను నా దగ్గరుంది. వరండాలో తుప్పు పట్టించే బదులు నాకిచ్చేయ్. నీ వాటా నీకు పడేస్తా.”

“మా నాన్న బండిలో నాకు నువ్వు వాటా పడేస్తావా?”

“ఇదిగో, ఈ నోటికే నీతో ఎవడూ...” అతని మాట పూర్తి కాకముందే ఆమె ఫోన్ పెట్టేసింది.

బండి శోభారాణి తండ్రి బర్నబాస్‌ది. తెనాలిలో ఆయనకు ఆయిల్ ఇంజన్లు బాగుచేసే రేకుల షెడ్డు ఉండేది. కొలకలూరు నుంచి చుండూరు దాకా ఏ పొలంలో నీటి ఇంజను మొరాయించినా ఆ డీజిల్ బుల్లెట్ వేసుకుని వెళ్ళేవాడు. దాని వేగం అంతంతమాత్రమే కానీ మోత మాత్రం వీధి మొదట్లో ఉండగానే చివరి ఇంటికి వినబడేది. ఆదివారం ఆయన గుడికి ఆలస్యంగా వస్తే, ఆ మోత ఆగేదాకా అయ్యగారు ప్రసంగం ఆపి నిలబడాల్సిందే. శోభారాణి స్పానరు పట్టడం నేర్చుకున్నది ఆ షెడ్డులోనే. మోషే పని నేర్చుకున్నదీ అక్కడే. ఆ చనువుతోనే అల్లుడయ్యాడు.

బర్నబాస్ పోయి ఏడాది తిరగలేదు. చుట్టాల పెళ్ళికి వెళ్ళిన శోభారాణి తిరిగి వచ్చేసరికి బండికి ఇంజను లేదు. పీతల వ్యాపారం చేస్తానని మోషే రేపల్లె అవతల ఒక పడవ కొన్నాడు. దానికి ఇంజను బయట వెతకలేదు. ఇంట్లో ఉన్నదాన్నే విప్పి తీసుకెళ్ళి బిగించాడు.

“నువ్వేమైనా ఆ బండెక్కి ఊరేగుతావా?” అని ఎదురు అడిగాడు.

ఆమె చేతిలోని సూట్‌కేసు అతని మీదికి విసిరింది. ఆ గొడవ గుడి పెద్దల ముందుకు, అక్కణ్ణించి కోర్టుకు వెళ్ళి అక్కడ తెగిపోయింది. విడిపోవడానికి ఇంజను ఒక్కటే కారణం కాదు. కానీ ఎవరడిగినా శోభారాణి అదొక్కటే చెప్పేది. మిగతావి చెప్పడానికి ఆమెకు నోరు వచ్చేది కాదు. తర్వాత బాపట్ల వచ్చి ట్రాక్టర్ల విడిభాగాల షాపులో కౌంటరు మీద చేరింది. ఇంజను లేని బండిని కూడా వెంట తెచ్చుకుని, వరండాలో టార్పాలిన్ కప్పి ఉంచింది. దాన్ని చూసినప్పుడల్లా కడుపు మండేది. అందుకే చూడ్డం మానేసింది.

ఆ ఫోన్ తర్వాత ఆమె టార్పాలిన్ లాగి పారేసింది. ఈ చలికాలంలోనే బండిని లేపాలి. వానల్లో వరండాలో పని సాగదు, ఎండలు ముదిరాక వరండా రేకుల కింద నిలబడలేం. క్రిస్మస్‌లోపు చక్రాలు, బ్రేకులు, వైర్లు. సంక్రాంతి సెలవుల్లో ట్యాంకు గీకి రంగు వేయడం. ఆ తర్వాత ఇంజను. వేరే ఇంజను పెడితే రిజిస్ట్రేషన్ కాగితాల్లో నంబరు కలవదు. అది పైకి చెప్పుకునే కారణం. అసలు కారణం, మోషే చేతిలో తన తండ్రి వస్తువు ఇంకొక్క రోజు కూడా ఉండకూడదు.

చక్రాలు విప్పి సామాన్లు పురమాయించి, డిసెంబరు మొదట్లో ఒక ఆదివారం ఆమె రేపల్లె బస్సెక్కింది. అక్కణ్ణించి ఆటోలో ఉప్పుటేటి రేవుకు చేరింది. మోషే పడవ ఏదని టీ కొట్టాయన్ని అడిగితే ఆయన వింతగా చూశాడు.

“మోషేదేంటమ్మా? అది వరమ్మది. అదుగో, ఆ నీలంరంగుది.”

నీలంరంగు పడవ పక్కన అరవై దాటిన ఒకావిడ వల బాగుచేసుకుంటోంది. పడవ వెనకభాగంలో ఇంజను కనబడుతోంది. పైన గ్రీజు, పీతల నీసు, ఎండిన బురద. అయినా శోభారాణి గుర్తుపట్టింది.

“పిన్నీ, ఈ ఇంజను మోషే అనే ఆయనది కదండీ?”

వరమ్మ తలెత్తింది. “ఎవరే నువ్వు?”

“శోభారాణినండి. ఆయన ఒకప్పటి భార్యని.”

“ఓహో! మొన్నొచ్చి సర్వీసు చేయించుకొస్తా, ఇంజను విప్పుతానన్నాడు. తెడ్డు తీసి తరిమా. ఆడదాన్ని పంపితే ఇస్తాననుకున్నాడా?”

శోభారాణికి విషయం అప్పుడు అర్థమైంది. మోషే పడవను ఇంజనుతో సహా ఎప్పుడో ఈవిడకు అమ్మేశాడు. ఇప్పుడు బుల్లెట్‌కి గిరాకీ రాగానే అమ్మినదాన్ని మాయమాటలతో వెనక్కి లాగాలని చూస్తున్నాడు. అటు ఈవిడనీ ఇటు తననీ ఒకేసారి ముంచబోయాడు. ఆ మాట మెల్లగా చెప్పి ఉంటే ఎలా ఉండేదో కానీ, ఆమె నోట్లోంచి వేరే మాట వచ్చింది.

“నన్నెవరూ పంపలేదు. అది మా నాన్న ఇంజను. కాగితాలు నా పేరున ఉన్నాయి. మీరు దొంగసొమ్ము కొన్నారు.”

“దొంగసొమ్మా? నా చేతి గాజులు అమ్మి కొన్నానే దీన్ని! రేవులో నిలబడి నన్ను దొంగంటావా?”

చుట్టూ జనం చేరారు. వరమ్మ పక్కనున్న బకెట్ ఎత్తి, పీతలు కడిగిన నీళ్ళు శోభారాణి మీద కుమ్మరించింది. బాపట్ల వెళ్ళే బస్సులో ఆమె పక్కన ఎవరూ కూర్చోలేదు. ఆ కంపు చీరకు రెండు ఉతుకుల దాకా వదల్లేదు.

పోలీసుల దగ్గరికి వెళ్దామనుకుంది. తర్వాత ఆలోచించింది. కేసు పెడితే ఇంజన్ని స్టేషన్ ఆవరణలో పడేస్తారు, వానకు తడిసి ఎండకు ఎండి అక్కడే పోతుంది. అటు వరమ్మ పడవా ఆగిపోతుంది, ఇటు తన బండీ లేవదు. మోషే మాత్రం హాయిగా ఉంటాడు. అదొక్కటే ఆమె భరించలేకపోయింది. ఇక మిగిలిన దారి ఇంజనుకు ఇంజను ఇవ్వడం.

టీ కొట్టాయన దగ్గర వరమ్మ నంబరు సంపాదించి ఫోన్ చేసింది.

“మీ పడవకి సరిపోయే ఇంజను తెచ్చి నేనే బిగిస్తా. పాతది నాకివ్వండి.”

“ఇందులో మోసం ఏంటి?”

“ఉంటే మీ దగ్గర తెడ్డు ఉంది కదండీ.”

“పాటు వేళ, నీళ్ళు తీసినప్పుడు రా. పోటు నీళ్ళు వచ్చేలోపు బిగించలేకపోయావంటే రెండూ నా దగ్గరే ఉంటాయి.”

దుగ్గిరాలలో ఒక పసుపు రైతు కరెంటు మోటారు పెట్టుకుని పాత డీజిల్ ఇంజన్ని పాకలో పడేశాడని షాపులో విన్నది. అదే కంపెనీది, దాదాపు అదే సైజుది. దాన్ని ట్రాలీ ఆటోలో తెచ్చింది. అక్కడే ఆమె చలికాలం లెక్కంతా తలకిందులైంది. తండ్రి బండి కోసమని పెట్టుకున్న సెలవులన్నీ ఆ ఇంజనుకే పోయాయి. పిస్టన్ రింగులు మార్చింది, నాజిల్ శుభ్రం చేయించింది. తన మీద పీతల నీళ్ళు పోసిన మనిషి కోసం పళ్ళు కొరుకుతూ ప్రతి నట్టూ బిగించింది. పొరుగువాళ్ళు క్రిస్మస్ కేకు పట్టుకొచ్చినా నూనె చేతులతో గుమ్మంలోనే నిలబడి తీసుకుంది, లోపలికి రమ్మనలేదు. ఇంటాయన వచ్చి వరండా అంతా షెడ్డు చేశావని గొణిగితే, “అద్దె ఆపానా?” అని ఆయన మీదా విరుచుకుపడింది.

జనవరి చివర్లో పాటు చూసుకుని, ఆ ఇంజన్ని ట్రాలీ ఆటోలో వేసుకుని రేవుకు వెళ్ళింది. నీళ్ళు తీసి పడవ బురదలో పక్కకు ఒరిగి ఉంది. వరమ్మ తెడ్డు పట్టుకుని నెత్తిమీదే నిలబడింది.

“ఆ బోల్టెందుకు పక్కన పెట్టావు?”

“తుప్పు పట్టింది. కొత్తది వేస్తా.”

“పాతది నా చేతికివ్వు. కొత్తది వేశాక చూస్తా.”

తండ్రి ఇంజను ఊడి ఆటోలోకి ఎక్కిన కాసేపటికి మోషే వచ్చాడు. రేవులో ఎవరో చెప్పినట్టున్నారు. వస్తూనే ఆటో తలుపు పట్టుకున్నాడు.

“నా ఇంజను ముట్టుకోమని నీకెవరు చెప్పారు?”

“నీదా?” వరమ్మ అరిచింది. “అమ్మి డబ్బులు తిన్నాక కూడా నీదేనట్రా?”

అతను ఆమెను వదిలేసి శోభారాణి వైపు తిరిగాడు. “మొగుణ్ణి వదిలేసి ఇనుముతో కాపురం చేస్తున్నావు. నిన్ను చూస్తే నాకు నవ్వొస్తోంది.”

“ఇనుమే నయం. నన్ను అమ్ముకుందామని చూడదు.”

మోషే ఆటోలోని ఇంజను మీద చెయ్యి వేసి కిందికి లాగబోయాడు. శోభారాణి స్పానరు బిగించి పట్టుకుంది. నిజంగానే కొట్టేది. అంతకంటే ముందు వరమ్మ తెడ్డు అతని భుజమ్మీద పడింది. అతను గట్టు జారి మోకాళ్ళ దాకా బురదలో కూలబడ్డాడు. గట్టున ఉన్నవాళ్ళలో కొందరు నవ్వారు. అతను లేచి ఇద్దరినీ జైల్లో పెట్టిస్తానని అరుస్తూ, బట్టల బురద దులుపుకుంటూ వెళ్ళిపోయాడు.

శోభారాణి ఏదో అనబోయింది. వరమ్మ అననివ్వలేదు.

“నన్ను చూసి పళ్ళికిలించకు. నీకోసం కొట్టలేదు. నీళ్ళొస్తున్నాయి, బిగించు.”

పోటు నీళ్ళు పడవ అడుగుకు తగిలే వేళకు కొత్త ఇంజను స్టార్టయింది. వరమ్మ పాయలో మడచెట్ల దాకా ఒక చుట్టు తిప్పి తీసుకొచ్చి, ఆపకుండానే అరిచింది.

“పాతదే నయం. దీనికి మోతెక్కువ. ఇంక ఈ రేవులో నాకు కనబడకు!”

బాపట్ల చేరాక శోభారాణి ఇంజను విప్పింది. లోపల బర్నబాస్ చేతి పని ఏమీ మిగల్లేదు. ఉప్పుగాలి సగం తినేసింది, మిగతా సగాన్ని మోషే చవక సామాన్లతో అతికించాడు. నంబరు కొట్టిన పై కేసింగు, లోపలి ఫ్లైవీలు మాత్రం పాతవి. ఆమె నేలమీద చతికిలబడి చాలాసేపు వాటిని చూసింది. ఏడుపు రాలేదు. మోషేని తెడ్డుతో ఇంకొకటి కొట్టి ఉండాల్సిందనిపించింది. మర్నాటి నుంచి షాపులో దొరికినవి షాపులో, దొరకనివి గుంటూరు నుంచి తెప్పించి ఇంజనుతోపాటు ఆగిపోయిన చక్రాలు, బ్రేకుల పని కూడా మళ్ళీ మొదలుపెట్టింది.

మార్చి వచ్చేసింది. అనుకున్నదానికంటే నెల ఆలస్యం. మొదటిసారి కిక్కు కొట్టినప్పుడు అది వెనక్కి తన్ని ఆమె పిక్క నల్లగా కమిలిపోయింది. బండిని నోరారా తిట్టి మళ్ళీ కొట్టింది. వీధంతా పొగ నింపుతూ అది లేచింది. ఆదివారం దాన్ని తెనాలి తీసుకెళ్ళింది. తండ్రి షెడ్డు ఉన్నచోట ఇప్పుడు సెల్‌ఫోన్ల కొట్టు ఉంది. అందులోంచి ఒకతను బయటికొచ్చి, పొగ వస్తోంది, బండి అవతల పెట్టుకోమన్నాడు. ఆమె ఇంజను ఆపకుండా, కావాలనే, ఇంకాసేపు అక్కడే నిలబడింది.

ఆ వారంలోనే వరమ్మ ఫోన్ చేసింది.

“నువ్విచ్చిన దరిద్రపు ఇంజను పాయ మధ్యలో చచ్చింది. తెడ్డేసుకుని వచ్చేసరికి నా రెక్కలు పడిపోయాయి. వచ్చి చూస్తావా, నీ షాపుకొచ్చి నీ పరువు తియ్యనా?”

శోభారాణి షాపులో సెలవు పెట్టి చెరుకుపల్లి మీదుగా బండి మీదే వెళ్ళింది. పరీక్షగా చూస్తే ఇంజనుకు ఏమీ కాలేదు. ట్యాంకు పూర్తిగా ఎండిపోయి డీజిల్ గొట్టంలో గాలి పట్టింది. డీజిల్ పోసి, గాలి తీసి, రెండుసార్లు హ్యాండిలు తిప్పగానే లేచింది.

“డీజిల్ అయిపోయేదాకా చూడకుండా ఏం చేస్తున్నారు?”

“నాకెవరు చెప్పారు? నువ్వు చెప్పావా?” అంటూ వరమ్మ గట్టుమీది బుల్లెట్ వైపు చూసింది. “దీనికోసమా నా పొట్ట మీద కొట్టడానికొచ్చావు?”

“మీ పొట్ట మీద కొట్టబోయింది మోషే.”

“వాడి పేరెత్తకు.”

“సరే ఎత్తను. రానూపోనూ నాకైన డీజిల్ పోయండి.”

వరమ్మ గొణుక్కుంటూ పడవలోంచి క్యాను తెచ్చింది. బుల్లెట్ ట్యాంకు మూత తీసి, సగం బయట ఒలికిస్తూ పోసింది. రానూపోనూ అయినంత పోయలేదని శోభారాణికి తెలుస్తూనే ఉంది. అడిగితే ఇంకో గంట పోట్లాట. బండి లేపి, వెనక్కి చూడకుండా గట్టెక్కించింది. ఇద్దరూ పోయొస్తానని గానీ, వెళ్ళిరా అని గానీ అనుకోలేదు. ఆ ముసలావిడను తిట్టుకుంటూనే ఆమె సందెవేళకు బాపట్ల చేరింది.